ఇటలీ దేశపు పాత పందెపు కార్లు – వాని జీర్ణోద్ధరణము



తరతరములుగా వచ్చిన వస్తువు ఏదో యొకటి లేని గృహము మన దేశమున అరుదు. ఒక యింట అవ్వగారి జరీచీర, ఒక యింట తంజావూరి వీణ, మఱియొక యింట రాచ్చిప్పయో, రాగి గంగాళమో యుండును. చీర అంచు చెక్కుచెదరక నిలిచియుండును గాని నడుమ వస్త్రము చివికియుండును. దానిని ఏమి చేయవలెనను ప్రశ్న, పెట్టె తెఱచిన ప్రతిసారియు గృహిణికి కలుగుచునే యుండును. అంచును విప్పి క్రొత్త వస్త్రమునకు కుట్టించినచో కట్టుకొనుటకు పనికివచ్చును. కాని అది అవ్వగారి చీర యగునా? ఉన్నదున్నట్లుంచినచో అవ్వగారిదే యగును. కాని మడతలయందే నశించును.

ఇదే చిక్కు నేడు ఇటలీ దేశమున పాత పందెపు కార్ల విషయమున కలుగుచున్నది. పందెములు పురుషుల వినోదములు, యంత్రములు ఇనుపముక్కలు, ఈ సంగతి మనకేల యని పాఠకురాండ్రు తలపవలదు. ఒక వస్తువునందు నిజముగా కాపాడదగినది ఏది? దాని మెఱుగా, దాని వాడుకయా, లేక అది చూచిన కాలమా? ఈ ప్రశ్నను అచ్చటి పనివారును, పండితులును, చట్టమును ఎట్లు విచారించినవో తెలిసికొనుట మనకును ఉపయోగకరమే యని మేము భావించి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ కార్లు ఎక్కడివి?

ఇటలీ ఉత్తరభాగమున మిలాను, టురీను, బొలోన్యా, మోడెనా యను నగరములు కలవు. ఆ దేశపు పందెపు కార్ల చరిత్ర చాలవరకు ఈ నగరములయందే జరిగినది. మిలానులో 1910లో ఆల్ఫా యను కర్మాగారము వెలసెను. 1915లో నికోలా రోమియో దాని యాజమాన్యమునకు వచ్చిన పిమ్మట ఆల్ఫా రోమియో యను పేరు కలిగెను. విట్టోరియో యానో యను నిపుణుడు ఆ కర్మాగారమునకై రూపొందించిన పి2 అను కారు 1925లో ప్రపంచ విజేతగా నిలిచెను.

బొలోన్యాలో 1914లో మసెరాటి సోదరులు తమ కార్ఖానాను స్థాపించిరి. ఆ యూరి నడుమ సముద్రాధిదేవతయగు నెప్ట్యూనుని విగ్రహము చేత త్రిశూలముతో ఒక జలయంత్రముపై నిలిచియున్నది. సోదరులలో చిత్రకారుడగు మారియో ఆ త్రిశూలమునే తమ కార్లకు గుఱుతుగా గీసియిచ్చెను. మోడెనాలో 1898లో జన్మించిన ఎంజో ఫెరారి, మొదట ఆల్ఫా రోమియో కార్లను పందెములలో నడిపించు సంఘమును 1929లో స్థాపించి, తుదకు 1947లో మారనెల్లో గ్రామమునుండి తన పేరిట మొదటి కారును వెలువరించెను.

ఆ దినములలో ఏ దేశపు కారునకు ఆ దేశపు రంగు వేయుట ఆచారము. ఫ్రాన్సు దేశమునకు నీలము, ఇంగ్లండునకు ఆకుపచ్చ, ఇటలీకి ఎఱుపు. నేటికిని ఇటలీ కారనగానే ఎఱ్ఱని కారు మనస్సునకు వచ్చుటకు కారణమిదియే.

ఇటలీ పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మిల్లె మిల్యా; అనగా వేయి మైళ్లు. బ్రెషా నగరమునుండి బయలుదేరి రోము వఱకు పోయి, తిరిగి బ్రెషా చేరవలెను. దూరము సుమారు 1600 కిలోమీటర్లు. దీనికి ప్రత్యేకమగు బాట లేదు. జనులు నివసించు ఊళ్ల నడుమనే, వారి వాకిళ్ల ముందునుండియే కార్లు దూసికొనిపోవుచుండెడివి. 1927 మొదలు 1957 వఱకు ఇరువదినాలుగు పర్యాయములు ఈ పందెము జరిగెను.

మిగిలినవి ఏల తక్కువ?

పందెపు కారును చేసినవారు దానిని దాచిపెట్టుటకు చేయలేదు. అది వారికి పనిముట్టు మాత్రమే. ఈ యేడు గెలిచిన కారు మఱుసటి యేటికి పాతబడును. అప్పుడు దాని ఇంజను మఱియొక కారులోనికి పోవును. చట్రమును కోసి పొడిగింతురు. పైరేకు సొట్టపడినచో తీసి పారవేసి క్రొత్తది తొడుగుదురు. మారనెల్లోనుండి వెలువడిన మొట్టమొదటి ఫెరారి 125 ఎస్ సైతము తన మొదటి రూపమున నేడు కానరాదు.

యుద్ధము వచ్చినప్పుడు ఆపద ఇంకను హెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున మిలానులోని ఆల్ఫా రోమియో కర్మాగారము బాంబులకు గుఱియయ్యెను. ఆల్ఫెట్టా యని ముద్దుగా పిలువబడిన 158 రకపు పందెపు కార్లను పనివారు నగరమునకు వెలుపల రహస్యముగా దాచిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అవియే మరల బాట కెక్కినవి. 1950 మే 13న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోనునందు ప్రపంచ విజేత పదవికై మొదటి ఫార్ములా పందెము జరుగగా, జుసెప్పె ఫరీనా ఆల్ఫెట్టాను నడిపి గెలిచెను. ఆ యేటి ప్రపంచ విజేతయు అతడే. తిండికే కఱవైన దినములలో పందెపు కార్లను దాచుట వెఱ్ఱి యని అప్పుడు కొందఱు తలచియుందురు. కాని ఒకసారి పోయినచో అట్టివానిని తిరిగి పొందలేమని ఎఱిగినవారు దాచిరి.

ధర పెరిగిన కొలది చిక్కు

నేడు ఈ కార్ల స్థితి వేఱు. 1962 మొదలు 1964 వఱకు ఫెరారివారు 250 జి.టి.ఓ. అను కార్లను 36 మాత్రమే చేసిరి. వానిలో ఒకటి 2018లో అమెరికాలో వేలమున 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. పాత యినుమునకు పోవలసిన వస్తువు రాజుల నగలతో సమానమైన ధర పలుకుచున్నది.

ధర పెరుగుట వలన ఒక మేలును, ఒక కీడును కలిగినవి. మేలేమనగా, ఇప్పుడు వీనిని ఎవ్వరును పారవేయరు. కీడేమనగా, వీనిని క్రొత్తవానివలె మెఱయించి అమ్ముకొనవలెనను ఆశ పుట్టినది. ఒక పాత ఇంజను దొరికినచో దానిచుట్టు క్రొత్త కారును కట్టి, ఇదియే ఆనాటి కారని చెప్పువారు బయలుదేరిరి. ప్రమాదమున చెడిన కారు చట్రమొకచోట, ఇంజను మఱొకచోట చేరగా, రెండింటినుండియు రెండు కార్లు పుట్టి, రెండును ఒకే సంఖ్యను చెప్పుకొనుటయు కలదు. పైగా కర్మాగారములే పూర్వము సంఖ్యాఫలకములను ఒక కారునుండి వేఱొక కారునకు మార్చుచుండెడివి. మసెరాటివారి 250 ఎఫ్ కార్ల చరిత్రలో ఇట్టి మార్పులు పెక్కు కలవు.

కావున జీర్ణోద్ధరణమున మొదటి పని సుత్తి పట్టుట కాదు, విచారణ చేయుట. చట్రముపై కొట్టిన సంఖ్యను, ఇంజను సంఖ్యను, గేరుపెట్టె సంఖ్యను కర్మాగారపు పుస్తకములతో సరిచూతురు. ఆనాటి పందెపు ఛాయాచిత్రములను భూతద్దముతో పరీక్షించి, రివెట్లు ఎన్ని, గాలిరంధ్రములు ఎక్కడ, దీపములు ఏ వైపున అని లెక్కింతురు. పైరంగును ఒకచోట మెల్లగా గీచిచూడగా ఉల్లిపొరలవలె పాతరంగులు బయల్పడును. ఏ పందెమునాడు ఏ రంగో వానివలన తేలును. ఈ పనికై ఫెరారి సంస్థ 2006లో ఫెరారి క్లాసికె యను ప్రత్యేక శాఖను నెలకొల్పి, పాత పటములతో కార్లను సరిచూచి, సరియైనవానికి ప్రమాణపత్రము నిచ్చుచున్నది.

రేకును కొట్టు చేతులు

ఈ కార్ల పైతొడుగును యంత్రములు అచ్చువేసినవి కావు. పలుచని అల్యూమినియపు రేకును ఇసుకసంచిపైనను, కొయ్యదిమ్మెపైనను ఉంచి సుత్తితో కొట్టి వంపు తెచ్చుచుండిరి. ఈ పనివానిని ఇటలీవారు బట్టిలాస్త్ర యందురు. అనగా రేకు కొట్టువాడు. కొట్టినకొలది రేకు బిఱుసెక్కును. అప్పుడు దానిని కాచి మెత్తపఱుపవలెను. అల్యూమినియము కాగినప్పుడు ఇనుమువలె ఎఱ్ఱబడదు; ఒక్క క్షణము మీఱినచో కరిగి కారిపోవును. వేడిని తెలిసికొనుటెట్లు? పనివారు రేకుపై సబ్బు రాతురు. మంట చూపగా సబ్బు నల్లబడినచో అదియే తగిన పాకము. పాకము చూడనెఱిగిన మన సోదరీమణులకు ఈ యుపాయములోని నేర్పు చెప్పనక్కఱలేదు.

సెర్జియో స్కాల్యెట్టి యను మోడెనావాడు (1920–2011) చిన్ననాటనే ఈ పనిలో చేరి, పటములకన్న తన కంటినే ఎక్కువ నమ్మి, ఫెరారివారి ప్రసిద్ధమైన పందెపు కార్లకు రూపమిచ్చెను. పైని చెప్పిన 250 జి.టి.ఓ. తొడుగులును ఆయన కార్ఖానాలోనివే. చేతితో కొట్టినందున ఎడమప్రక్క కుడిప్రక్కతో సరిగా సమానముగా నుండదు. నేటి పనివాడు కొలతలు తీసి రెండుప్రక్కలను సమానము చేసినచో కారు చక్కబడినట్లు కనబడును. కాని స్కాల్యెట్టి చేయి అందు మాసిపోవును. తెలిసిన పనివాడు ఆ వంకరనే అట్లే నిలుపును.

మిలానులోని టూరింగు సంస్థవారు మఱియొక పద్ధతిని కనిపెట్టిరి. సన్నని ఉక్కుగొట్టములతో పంజరమువంటిది కట్టి, దానిపై అల్యూమినియపు రేకును తొడుగుదురు. దీనికి సూపర్లెజ్జేరా, అనగా అతితేలిక, అని పేరు. 1949లో మిల్లె మిల్యాను గెలిచిన ఫెరారి 166 కారు ఈ పద్ధతిలోనిదే. కాని కాలక్రమమున ఇందొక దోషము కనబడెను. ఉక్కును అల్యూమినియమును తాకుచోట తేమ చేరినచో, అల్యూమినియము తెల్లని పొడియై తినివేయబడును. పైకి రంగు నిగనిగలాడుచునే యుండును. లోపల రేకు చిల్లులు పడియుండును. అందువలన జీర్ణోద్ధరణము చేయువారు అవసరమైనచో తొడుగును విప్పి, గొట్టములను శుభ్రపఱచి, రెండు లోహముల నడుమ ఏదైన అడ్డుపొరను చేర్చి మరల తొడుగుదురు.

ఆముదపు సంగతి

ఇక్కడ మన ప్రాంతమునకు దగ్గఱయగు ఒక విషయము చెప్పవలసియున్నది. ఆనాటి పందెపు ఇంజనులలో పోసిన కందెన చాలవరకు ఆముదమునుండి చేసినదే. మిక్కిలి వేడియందును లోహమును విడువక అంటిపెట్టుకొను గుణము ఆముదమునకు గలదు. 1909లో వెలువడిన క్యాస్ట్రాల్ అను కందెన పేరు సైతము ఆముదమునకు గల ఆంగ్లనామమునుండి వచ్చినదే. పందెపు బాట ప్రక్కన నిలిచినవారికి కాలిన ఆముదపు వాసన ఎన్నటికిని మఱపురానిదట. ప్రపంచమున ఆముదపు గింజలను అధికముగా పండించునది మన దేశమే. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములయందు ఒకప్పుడు ఆముదపు చేలు చూడని పల్లెవాసు లుండెడివారు కారు.

అయితే ఆముదమునకు ఒక దుర్గుణమును గలదు. వాడక నిలువయుంచినచో చిక్కబడి జిగురై అంటుకొనును. దీపపు సెమ్మెను పండుగకే గాని తీయనివారికి ఈ జిడ్డు ఎట్టిదో తెలియును. ఇంజనులో నూనెదారులన్నియు అట్లు పూడుకొనిపోయినచో, నడుపబోయిన మొదటినాడే లోహము లోహముతో రాసికొని చెడును. కావున పాత ఇంజనును కదల్పకముందే పూర్తిగా విప్పి, దారులను కడిగి, లోహమునందు వెండ్రుకవాసి పగులైనను కలదేమో ప్రత్యేకపు రంగునీటితోనో, ఎక్సురే కిరణములతోనో పరీక్షింతురు. కారును గాజుగదిలో నిలిపియుంచుట ఒక్కటియే రక్షణ కాదనియు, అప్పుడప్పుడు నడుపుటయు రక్షణమేననియు ఇందువలన తెలియుచున్నది. మీటనివీణ ఎట్లు చెడునో, నడుపని ఇంజనును అట్లే చెడును.

టురీను నిబంధనలు

ఎంతవఱకు మార్పవచ్చును, ఎక్కడ ఆగవలెను అను వివాదము ముదిరినందున, పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో కొన్ని నిబంధనలను ఆమోదించిరి. వీనికి టురీను నగరపు పేరు పెట్టిరి. పురాతన కట్టడముల రక్షణకై 1964లో వెనీసునందు ఏర్పడిన నిబంధనలే వీనికి ఆధారము. అనగా, దేవాలయమును, కోటను ఎట్లు చూడవలెనో కారును కూడ అట్లే చూడవలెనని వీని తాత్పర్యము.

ఇందు మూడు మెట్లు కలవు. ఉన్నదానిని మార్పక చెడిపోకుండ చూచుకొనుట కాపుదల. చెడుచున్న భాగమును పట్టి నిలుపుట శైథిల్యనివారణము. పోయిన భాగములను పూరించి పూర్వపు స్థితిని తెచ్చుట జీర్ణోద్ధరణము. మొదటిది చాలినచోట రెండవదానికి పోరాదు. రెండవది చాలినచోట మూడవదానికి పోరాదు. క్రొత్తగా చేర్చిన భాగముపై చెరగని గుఱుతు వేయవలెను. చేసిన ప్రతిపనిని వ్రాసియుంచవలెను. కారు వాడుకలోనుండగా కలిగిన మార్పులు కూడ దాని చరిత్రయే గనుక, వానిని తొందరపడి తొలగింపరాదు.

ఈ చివరి నియమమునకు చక్కని ఉదాహరణ మొకటి గలదు. ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడగు రాబర్టో రోసెల్లిని వద్ద ఫెరారి 375 ఎమ్.ఎమ్. అను కారు ఉండెను. మొదట దానికి పీనిన్ ఫరీనావారు పైకప్పులేని తొడుగు చేసిరి. కారు దెబ్బతినగా ఆయన స్కాల్యెట్టిచేత పైకప్పుగల వేఱొక తొడుగు చేయించెను. పిమ్మట చాలకాలము అది నిరాదరణమున పడియుండెను. దానిని బాగుచేయువారికి ప్రశ్న కలిగినది: ఏ రూపము నిజమైనది? మొదటిదియా, రెండవదియా? వారు స్కాల్యెట్టి రూపమునే నిలిపిరి. ఏలన ఆ కారు చరిత్రకు విశిష్టత వచ్చినది ఆ రూపముననే. 2014లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచి ప్రదర్శనమున దానికి ప్రథమ బహుమానము లభించెను. ఆ గౌరవము పొందిన మొదటి ఫెరారి అదియే.

అంతకుమించిన మార్పు 2024లో కనబడెను. అదే ప్రదర్శనమున, మిలానులో జన్మించిన ఎట్టోరె బుగాట్టి ఫ్రాన్సు దేశమున చేసిన 1934 నాటి పందెపు కారొకటి, క్రొత్త రంగు వేయకుండ, పాతబడినది పాతబడినట్లే నిలిచి, ప్రథమ బహుమానము గెలిచెను. కాపుదల మాత్రమే చేసిన కారునకు ఆ బహుమానము వచ్చుట అదియే మొదటిసారి. మెఱుగును మెచ్చుకొనుటకు అలవాటుపడిన లోకము ముడుతలను కూడ మెచ్చుకొన నేర్చుచున్నదన్నమాట.

ఇటలీ ప్రభుత్వము సైతము 2004 నాటి సాంస్కృతిక సంపద చట్టమున, 75 సంవత్సరములు దాటిన వాహనములను కూడ చేర్చినది. అట్టివానిని దేశము వెలుపలికి కొనిపోవుటకు అనుమతి కావలెను.

కారులో నిలిచిన మనుష్యులు

ఇంత శ్రమయు లోహముకొఱకేనా? కాదని మా అభిప్రాయము. నేపుల్సు నగరమున 1926లో జన్మించిన మరియా తెరేసా దె ఫిలిప్పిస్ అను యువతిని, నీవు వేగముగా నడుపలేవని అన్నలు ఎగతాళి చేసిరి. ఆమె ఇరువదిరెండేండ్ల ప్రాయమున చిన్న ఫియటు కారుతో తన మొదటి పందెమునే గెలిచెను. 1958లో మసెరాటి 250 ఎఫ్ కారునెక్కి బెల్జియము పందెమున పదవస్థానమున ముగించి, ఫార్ములా పందెముల ప్రపంచ పోటీలో పాల్గొనిన మొదటి స్త్రీయయ్యెను. అదే యేట ఫ్రాన్సులో ఒక అధికారి ఆమెను పందెమునకు చేర్చుకొనక, స్త్రీకి తగిన శిరస్త్రాణము క్షౌరశాలలోనిదే యని పలికెనట. ఆమె 2016లో మరణించెను. ఆనాటి 250 ఎఫ్ యొక్క ఇఱుకైన ఆసనమును, బరువైన చక్రమును ఎదుట చూచినవారికి, ఆ యధికారి మాటకు ఆమె ఎట్టి సమాధానము చెప్పినదో పుస్తకముకన్న స్పష్టముగ తెలియును.

సంతోషములే గాక దుఃఖములును ఈ కార్లలో నిలిచియున్నవి. 1957 మే 12న గ్విదిత్సోలో గ్రామమువద్ద ఫెరారి కారొకటి టైరు పగిలి బాట తప్పెను. నడుపుచున్న దె పోర్తాగోయు, అతని సహచరుడును, చూడవచ్చిన తొమ్మండుగురును మరణించిరి. ఆ తొమ్మండుగురిలో అయిదుగురు పసిపిల్లలు. మిల్లె మిల్యా పందెము ఆ దినముతో నిలిచిపోయెను. 1977 నుండి ఆ పేరుతో జరుగుచున్నది వేగపు పందెము కాదు. నిర్ణీతకాలమునకు చేరుటయే అందు నేర్పు. పూర్వపు పందెములలో పాల్గొనిన రకముల కార్లకే అందు ప్రవేశము. ఎఱ్ఱని రంగు క్రింద ఇట్టి తలపులును కలవని మఱచినవాడు కారును మెఱయించగలడు గాని కాపాడలేడు.

మనకు తెలియదగినది

ఇటలీ పనివారి యనుభవమునుండి గృహిణులు గ్రహింపదగిన సంగతులు నాలుగు కలవని మాకు తోచుచున్నది. బాగుచేయుటకు ముందు ఆ వస్తువు ఎవరిదో, ఏనాటిదో విచారించి వ్రాసికొనవలెను. పెద్దలు జీవించియుండగానే అడుగవలెను. ఎంత తక్కువ పనితో నిలుచునో అంతయే చేయవలెను. పాత ఇత్తడిని తోమి తోమి దానిపై చెక్కిన పేరును చెఱపుట శుభ్రత కాదు. తీసివేసిన ముక్కను పారవేయక మూటగట్టి ఉంచవలెను. మనకు పనికిరానిది మన మనుమరాలికి సాక్ష్యమగును. కడపటిది, వస్తువును జాగ్రత్తతో అప్పుడప్పుడు వాడుచుండవలెను.

క్రొత్త వస్తువును ధనముగలవా రెవ్వరైనను చేయింపవచ్చును. పాతవస్తువును పాతదిగానే నిలుపుటకు ధనముతోపాటు ఓర్పును, వినయమును కావలెను. ఈ రెండును మన గృహములలో కొదువలేదు గనుక, మన పెట్టెలలోని వస్తువులకు కూడ ఈ పాటి న్యాయము జరుగుననియే మా నమ్మకము.